రాతి గోడ, వెదురు నిచ్చెన

పక్కింటి వాళ్లు గోడ కడుగుతున్నారు. తడిసిన రాయి వాసన, పాత సున్నం వాసన కలిసి కిటికీలోంచి వస్తున్నాయి. లేచి వెళ్లి, ఏ నీళ్లతో కడుగుతున్నారో చూశాను. బోరు నీళ్లే. ఇలా చూసే అలవాటు నాకు పెంచలయ్య మేస్త్రి వల్ల వచ్చింది. ఆయన పోయి ఇంకా నెల కాలేదు.

జువ్వలదిన్నెలో మా ఇల్లు సముద్రానికి దగ్గర. తూర్పు వైపు రాతి గోడ. ఒక ఏడాది కార్తీకంలో పట్టిన వానలకు ఆ గోడలోంచి చెమ్మ దిగి, బీరువాలోని పుస్తకాలు సగం పాడైపోయాయి. మరుసటి ఏడు వానలకు ముందే గోడకు రంగు వేయించాలని, రెండు వీధుల అవతల ఉండే ఆయన్ని పిలిచాను. చేతిలో నెల రోజులున్నాయి.

మొదటి రోజే నాకు అనుమానం మొదలైంది. నేను తెచ్చి పెట్టిన అల్యూమినియం నిచ్చెనను ఆయన ముట్టుకోలేదు. గోడ పక్కగా పోతున్న కరెంటు తీగను చూపించారు. నేను అరువు తెచ్చిన కర్ర నిచ్చెనను పడుకోబెట్టి, ఒక్కో మెట్టునూ సుత్తితో తట్టి, మూడో మెట్టు దగ్గర తల అడ్డంగా ఊపారు. చివరికి తన వెదురు నిచ్చెన తెచ్చుకునేసరికి రెండు రోజులు పోయాయి. తర్వాత ఇనుప బ్రష్షుతో రాయి గీకారు, కడిగారు, ఆరనిచ్చారు, మళ్లీ కడిగారు. మా బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని మంచినీళ్ల ట్యాంకరు వచ్చేదాకా పని ఆపారు. ఆరిన రాయికి నాలుక ఆనించి చూసేవారు.

"ఇంకా ఉప్పు కక్కతా ఉండాది సారూ. ఇప్పుడు రంగేస్తే పొరలు పొరలుగా లేస్తాది" అన్నారు.

నేను నమ్మలేదు. ముత్తుకూరులో ఆయన ఇంకో పని ఒప్పుకున్నారని టీకొట్టు దగ్గర విన్నాను. అందుకే మా పని సాగదీస్తున్నారనుకున్నాను. పైగా భోజనానికి వెళ్లేటప్పుడు ప్రతిసారీ నిచ్చెన దించి, నేల మీద పడుకోబెట్టి వెళ్లేవారు. పైన అసలు గీకనే లేదేమో, ఎవరూ ఎక్కి చూడకూడదని దించుతున్నారేమో అనిపించింది.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లిన కాసేపటికి నిచ్చెన ఎత్తి గోడకు ఆనించి ఎక్కాను. చూరు కింద, నేల మీద నుంచి ఎవరికీ కనపడని చోట కూడా రాళ్లు శుభ్రంగా ఉన్నాయి. సందుల్లో పాత సున్నం తీసి కొత్తది కూరి ఉంది. సిగ్గుపడే లోపే నిచ్చెన ఒక పక్కకు ఒరిగింది. దాని కాలు ఇసుకలోకి దిగిపోతోంది. ఆయన రోజూ కాళ్ల కింద వేసే చెక్క నేను వేయలేదు. రాతి అంచు పట్టుకుని ఉండిపోయాను. అంతలో ఒరగడం ఆగింది. కింద పెంచలయ్య రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని ఉన్నారు.

"చూసుకున్నారా సారూ? ఇంకేమన్నా అనుమానముంటే ఇప్పుడే చూసుకొని దిగండి. నేను పట్టుకోనుండా."

దిగాను. ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మరో వారం రాయి ఆరనిచ్చి రంగు వేశారు. రెండో పూత ఆరిన మూడో రోజు వాన పట్టుకుంది. బీరువా జరిపి లోపలి గోడ తడిమి చూశాను. పొడిగా ఉంది. అప్పుడైనా వెళ్లి క్షమించమని అడగవలసింది. అడగలేదు.

మొన్న పలకరించడానికి వెళ్లి, ఆయన భార్యకు ఈ సంగతి చెప్పాను. ఆమెకు ముందే తెలుసు.

"ఆ పొద్దు నాలుగు ముద్దలు కూడా తినకుండానే లేచినాడు సారూ. ఏందయ్యా అంటే, ఆ సారు చూపు నాకు బాగలేదు, నిచ్చెన ఎక్కతాడేమో అన్నాడు."

అంటే ఆయనా నన్ను అనుమానించారు. ఆ అనుమానంతోనే ఎంగిలి చేత్తో వచ్చి నన్ను కాపాడారు. నా అనుమానం ఎవరిని కాపాడిందో ఇప్పటికీ చెప్పలేను.