తడి చూడని లేసు

ప్రొద్దుటూరులో కమాల్ బాషా ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు గానీ, లేసుల బాషా అంటే మాత్రం దగ్గరుండి ఇంటిదాకా దిగబెడతారు. పాత టీవీఎస్ బండి, వెనక రేకు పెట్టె, హ్యాండిలుకు అటూ ఇటూ వేలాడే లేసు చుట్టలు. అదీ ఆయన అంగడి. జమ్మలమడుగు సందుల్లో "లేసులమ్మా, లేసులూ" అని కేక వేస్తే ముందు ఉరికొచ్చేది పిల్లలు, చిప్సు పొట్లాలు వచ్చాయనుకుని. పెట్టెలోకి తొంగిచూసి, మొహాలు వేలాడేసుకుని పోతారు. వాళ్ల వెనకే అమ్మలు వస్తారు.

మాట చిన్నదే గానీ దాని కింద ఎంత సరుకుందో ఆ పెట్టె మూత తీస్తేనే తెలుస్తుంది. చీర అంచుకు వేసే జరీ పట్టీ లేసే, జాకెట్టు చేతులకు కుట్టే చిల్లుల అల్లికా లేసే. దర్గాలో కప్పే చాదరు చుట్టూ మెరిసేది లేసే, దేవుడి గొడుగుకు వేలాడే కుచ్చులనూ లేసనే అడుగుతారు. బడిపిల్లల బూట్లకు కట్టే తాళ్లను కూడా అదే పేరుతో పిలుస్తారు కాబట్టి పెట్టె అడుగున అవీ ఒక కట్ట ఉంటాయి. పులివెందులలో ఒక పెద్దామె ఉంది, తాను కొక్కెం సూదితో అల్లిందే లేసనీ తక్కినవన్నీ పేలికలనీ ఆయన మొహం మీదే అంటుంది. కమాల్ బాషా ఎవరితోనూ వాదించడు. ఎవరు దేన్ని లేసంటే దాన్నే తీసి చేతిలో పెడతాడు.

ఆయనకు రెండు గర్వాలున్నాయి. రెండూ న్యాయమైనవే. మొదటిది, నూలు లేసును తడి చూడకుండా అమ్మడు. నూలు తడిస్తే ముడుచుకుంటుంది. అందుకని కట్ట రాగానే బకెట్లో నానేసి, నీడలో ఆరేసి, అది ముడుచుకోవలసినంతా ముడుచుకున్నాకే మూర వేస్తాడు. రెండోది జ్ఞాపకం. మనుషుల పేర్లు మరిచిపోతాడు, సొంత ఫోన్ నంబరు మరిచిపోతాడు, కానీ ఏ ఊళ్లో ఏ ఇంటికి ఏ లేసు పోయిందో, దాన్ని ఏ గుడ్డకు కుట్టుకున్నారో పదేళ్ల తర్వాత అడిగినా తడుముకోకుండా చెబుతాడు. అలాంటి మనిషి ఈ ఏడాది ఉగాదికి ముందు రెండు చోట్లా బోల్తా కొట్టాడు.

జమ్మలమడుగులో రమ్యశ్రీ అనే అమ్మాయి కుట్టుపని అంగడి పెట్టింది. తండ్రి పేరు వేదవ్యాస, గుళ్లో అర్చకుడు. మనింటి పిల్ల ఊరందరి జాకెట్లు కుట్టడమేమిటని బంధువులు మూతులు విరిస్తే, ఆయన గడువు పెట్టాడు. ఉగాది దాకా చూస్తాం, అప్పటికి పేరు రాకపోతే మిషను మూసేసి బడిలో గుమాస్తా పనికి పోవాలి అన్నాడు. ఆ పిల్లకు మిషను ముందు కూర్చుంటే తిండి గుర్తురాదు. ఆ సంగతి చూసినవాడు కాబట్టే, ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి బాలకృష్ణయ్య కూతురు ఐశ్వర్య పెండ్లికి అడ్డుతెర కుట్టేవాళ్లు కావాలన్నప్పుడు కమాల్ బాషా రమ్యశ్రీ పేరు చెప్పాడు. ముహూర్తం దాకా వధూవరుల మధ్య పట్టుకునే తెర అది. పెండ్లికొచ్చిన వాళ్లందరి కళ్లూ కాసేపు దానిమీదే ఉంటాయి. అంతకన్నా పేరు తెచ్చే పని ఎక్కడ దొరుకుతుంది?

లేసు ఎంచింది బాలకృష్ణయ్య తల్లి కనకమ్మ. మల్లెమొగ్గల వరస ఉన్న మీగడ రంగు నూలు లేసు.

"ఇదే కావల్ల బాషా. వేరేది కుట్టి తెచ్చినారంటే తెర తీసుకునేది లేదు, చెప్తాండా" అంది కనకమ్మ.

తెర చుట్టూ తిరగడానికి పద్నాలుగు మూరలు కావాలి. కట్టలో సరిగ్గా పద్నాలుగే ఉన్నాయి. పంపిన టోకు వ్యాపారి అది ముందే తడిపి ఆరేసిన సరుకని ఫోన్లో ఒట్టు పెట్టి మరీ చెప్పాడు. పెండ్లి దగ్గర పడింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి కమాల్ బాషా బకెట్ జోలికి పోకుండా లేసు ఇచ్చేశాడు.

పెండ్లి ఇంకా మూడు రోజులుందనగా సాయంత్రం ఫోన్ వచ్చింది.

"మామా, యాడుండావు? తెరకు నీళ్లు చల్లి ఇస్త్రీ పెట్టినా. నిప్పుల మీద అప్పడం మాదిరి ముడుచుకపోయింది మామా!" రమ్యశ్రీ గొంతులో ఏడుపు ఉంది.

ఆయన బండి తీసి జమ్మలమడుగు చేరేసరికి ఆ పిల్ల లేసంతా విప్పేసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయనే మూర వేశాడు. పన్నెండు. మళ్లీ వేశాడు. పన్నెండే.

"తప్పు నాది పాపా. నేను తడి చూడలే."

"తప్పు ఎవరిదైతే ఏంది మామా? తెర కుట్టింది నేనే గదా. నాయన అప్పుడే గుమాస్తా పనికి కాగితాలు తెచ్చి పెట్టినాడు."

టోకు వ్యాపారికి ఫోన్ చేస్తే ఆ రకం నేయడం ఆపేశారన్నాడు. కమాల్ బాషా కళ్లు మూసుకున్నాడు. నాలుగేళ్ల కిందట ఇదే మల్లెమొగ్గల కట్ట ఒకటి అమ్మాడు. మూడిళ్లు. చిలమకూరు, వల్లూరు, పులివెందుల. "రెండు మూరలే గదా, ఎల్లుండి పొద్దునకు తెస్తా" అని చెప్పి లేచాడు.

మర్నాడు తెల్లవారగానే బయల్దేరాడు. చిలమకూరులో పద్మశ్రీ టీచరమ్మ ఆ లేసును ఊయల గుడ్డకు కుట్టించుకుంది. గుమ్మంలోంచి చూస్తే ఆ గుడ్డే కట్టి ఉంది, అందులో రెండో బిడ్డ నిద్రపోతోంది. బిడ్డ పడుకున్న గుడ్డకున్న లేసు విప్పమని అడగడానికి ఆయనకు నోరు రాలేదు. టీచరమ్మ పలకరించేలోపే, ఊరికే ఇటు వచ్చానని చెప్పి బండి తిప్పుకున్నాడు. వల్లూరులో జానకమ్మ దేవుడి గది తెరకు కుట్టుకుంది. ఆమె మంచిది, అడగ్గానే కత్తెర తెచ్చింది, కానీ నాలుగేళ్ల దీపం పొగకు లేసు నల్లబడి ఉంది. అన్నం తినిపోతే గానీ వీల్లేదని ఆమె కూర్చోబెడితే, రెండు ముద్దలు మింగి మళ్లీ రోడ్డెక్కాడు. పులివెందులలో తస్లీమా దాన్ని చాదరుకు కుట్టి ఏనాడో దర్గాలో కప్పేసింది.

"అయ్యో, నిన్నగాక మొన్న అమ్మినట్టు అడుగుతాండావే బాషా! అది మొక్కుబడి. మొక్కు తీరిపాయె, చాదరు పాయె" అంది తస్లీమా.

ఎండకు ఒళ్లు మాడి, నడుము విరిగి, ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. వట్టి చేతులతో ఆ పిల్ల ముందుకు ఎలా పోవాలన్నదే ఆయన బాధ. లోపల భార్య ఫరహత్ మగ్రిబ్ నమాజుకు నిలబడింది. ఆయన మంచం మీద కూలబడి అటు చూస్తున్నాడు. ఆమె వంగినప్పుడు తలమీది ఓణీ అంచు భుజం పక్కకు జారింది. మీగడ రంగు మీద వరసగా మల్లెమొగ్గలు.

నమాజు అయ్యేదాకా ఆయన కదల్లేదు. చాప మడిచాక అడిగాడు.

"ఆ లేసు యాడిది?"

ఫరహత్ వింతగా చూసింది. "నీ పెట్టెలోదే. నాలుగేండ్లాయె. కట్ట చివర మిగిలింది, తీసుకుంటానంటే తీసుకో అంటివి. తలకాయన్నా ఎత్తలే అప్పుడు. ఊరందరి ఇండ్లల్లో లేసులు తెలుసు నీకు. పెండ్లాం నెత్తిన ఏముందో రోజుకు అయిదు సార్లు చూస్తా కూడా తెలీదు."

ఆమె కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. ఆయనకు మాత్రం సిగ్గేసింది. రమ్యశ్రీ సంగతంతా చెప్పాడు. చెప్పి, లేసు అడగలేక ఆగిపోయాడు. అది నమాజు ఓణీ. ఫరహత్ అప్పటికే బ్లేడు కోసం అలమర వెతుకుతోంది.

"వద్దులే. నమాజుది" అన్నాడు.

"నమాజు చేసేది నేను, లేసు కాదు" అని ఆమె ఓణీ ఒళ్లోకి లాక్కుంది.

ఒక్కో కుట్టూ తెంపుతూ, దారప్పోగులు పక్కన పెడుతూ, ఆమె రెండున్నర మూరలు విప్పింది. నాలుగేళ్లుగా ఉతికిన లేసు, ఇక ముడుచుకోవడానికి అందులో ఏమీ లేదు. పొద్దున్నే అది జమ్మలమడుగు చేరింది. రమ్యశ్రీ దాన్ని తెర పై అంచుకు, చేతులు పట్టుకునే చోటుకు వేసింది. సాయంత్రం ఇద్దరూ తెర తీసుకుని కనకమ్మ దగ్గరికి వెళ్లారు. ఆ పిల్ల వద్దని సైగ చేస్తున్నా వినకుండా కమాల్ బాషా జరిగింది జరిగినట్టు చెప్పాడు. కనకమ్మ కళ్లజోడు పెట్టుకుని అంచు పొడుగునా వేలితో తడిమింది.

"అతుకు తెలీలేదు. కుట్టిన పాప చెయ్యి శానా మంచిది" అంది. తర్వాత బాషా వైపు తిరిగి, "ఆ ఓణీ ఆమెను పెండ్లికి పిలుచుకొని రా. మరిచిపోతివా, ఊరుకునేది లేదు" అంది.

పెండ్లిలో తెర పట్టినప్పుడు ఫరహత్ రెండో వరసలో నిలబడి చూసింది. ఆ వారమే రమ్యశ్రీకి నాలుగు పెండ్లిళ్ల పని వచ్చింది. కనకమ్మ పేరంటానికి వచ్చిన వాళ్లందరికీ చెబుతూనే ఉంది మరి. ఉగాది వచ్చింది, పోయింది. గడువు మాట వేదవ్యాస ఎత్తలేదు. గుమాస్తా కాగితాలు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు. పండగ మర్నాడు ఆయన కూతురి పనికి బల్ల చాలడం లేదని వడ్రంగిని పిలుచుకొచ్చాడు.

ఇక్కడ ప్రొద్దుటూరులో కమాల్ బాషా ఇంకో పని పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు లేసులు అమ్మాడే గానీ ఆయన ఏనాడూ సూది పట్టలేదు. మిషను కుట్టే వాళ్లు వీధికి నలుగురున్నా, ఫరహత్ ఓణీకి కొత్త లేసు తనే కుడతానని కూర్చున్నాడు. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. వేళ్లకు సూది గుచ్చుకుని నానా తిట్లూ తిట్టాడు. కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకచోట లేసు మడత పడి పైకి లేచింది కూడా.

నెల తర్వాత రమ్యశ్రీ లడ్లు తీసుకుని వాళ్లింటికి వచ్చింది. ఫరహత్ చేతిలో ఓణీ చూసి నొచ్చుకుంది. వృత్తి అలాంటిది.

"అయ్యో అత్తా, ఎవరు కుట్టినారు దీన్ని? వంకరటింకరగా ఉందే! ఇట్లియ్యి, ఇదంతా విప్పి గంటలో చక్కగా కుట్టి పెడతా. నీ రుణం అట్లన్నా తీరనీ."

చెయ్యి చాపిన పిల్లకు ఫరహత్ ఓణీ అందనివ్వలేదు. గబగబా మడిచి గుండెకు అదుముకుంది.

"దీన్ని మాత్రం ముట్టుకోవాకు" అంది.