కళ్లు మూసుకునే నర్సమ్మ

ఆమె గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. డెబ్బైల్లో, బెజవాడలో మా నాన్నను చేర్చిన మిషన్ ఆసుపత్రిలో ఆమె నర్సు. సూదులు మరిగించానని ఆయా ఒట్టేసి చెప్పినా నమ్మేది కాదు. తానే మళ్లీ గిన్నె పొయ్యి మీద పెట్టి, నీళ్లు తెర్లేదాకా కదలకుండా చూసేది. అంత జాగ్రత్తా పడి, తీరా సూది గుచ్చేముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ఫిజిక్స్ చదువుతున్న నాకు అది చూస్తే చిర్రెత్తుకొచ్చేది.

"కళ్లెదుటున్న ఆయా మాట నమ్మరు. కనపడని దేవుణ్ణి ఏ రుజువు చూసి నమ్ముతారండీ?" అని ఓ రోజు నిలదీశాను.

"రుజువేం లేదు బాబూ. నాన్నగారి చెయ్యి కాస్త కదలకుండా పట్టుకో" అంది, దూదితో జబ్బ తుడుస్తూ.

మూడోనాడు పొద్దున్నే నాన్న పోయారు. బయటికొస్తే ఆమె వరండాలో కళ్లు మూసుకుని నిలబడి ఉంది.

"ఇంకా ఏం ప్రార్థనండీ? ఏడీ మీ దేవుడు?" అని వార్డంతా వినపడేలా అరిచాను.

ఆమె కళ్లు తెరిచింది. నిప్పుల్లా ఉన్నాయి.

"ఆయన్నే నిలదీస్తున్నా బాబూ, కాసేపు ఉండు" అని మళ్లీ మూసుకుంది.

రుజువు లేకపోయినా ఆమెకు నిలదీయడానికి ఒకడున్నాడు. నా కోపానికి మాత్రం ఈనాటికీ ఆమె తప్ప ఎవరూ దొరకలేదు.