నాకంటే ముందు ఇంటికి చేరిన గొంతు

2011 సెప్టెంబరు 27, మంగళవారం, పగలు పన్నెండు గంటల ఇరవై నిమిషాలు. ఆ సమయంలో నేను మాదాపూర్ దగ్గరి ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీద స్పృహ లేకుండా పడుకొని ఉన్నాను. అదే సమయంలో బోరబండలో మేము అద్దెకుంటున్న ఇంటి తలుపు ముందు నిలబడి నేను మా అమ్మను పిలిచానని ఇద్దరు మనుషులు చెబుతారు. ఆ ఇద్దరిలో ఎవరికీ అబద్ధమాడే అలవాటు లేదు.

దయ్యాలు, ఆత్మలు అన్న మాటలను నేను ఏనాడూ చెవిన పెట్టినవాణ్ని కాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని. ఏ సంగతికైనా కారణం వెతకాలని, దొరకకపోతే ఇంకా వెతకాలని నేర్చుకున్నాను. ఇది కూడా ఆ పద్ధతిలోనే, జరిగింది జరిగిన వరుసలో రాస్తున్నాను.

అప్పుడు నా వయసు ముప్పై ఒకటి. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో కొత్తగా చేరినవారికి శిక్షణ ఇచ్చే ఉద్యోగం. రోజూ గంటల తరబడి నిలబడి మాట్లాడాలి. నాలుక ఎడమ అంచున లేచిన పుండు రెండు నెలలైనా మానకపోవడంతో పరీక్ష చేయించాను. క్యాన్సర్ అని తేలింది. ఏం నమిలేవాడివని తెలిసినవారందరూ అడిగారు. నేను వక్కపొడి కూడా ముట్టినవాణ్ని కాను. విరిగిన పన్ను ఒకటి ఏళ్ల తరబడి నాలుకను గీరుతూ ఉండేది. అదే కారణం కావచ్చని డాక్టరు గారు అన్నారు.

నాలుకలో కొంత భాగం తీయాలి. జబ్బు మెడలోని గ్రంథులకు పాకిందేమో తెలియాలంటే ఎడమవైపు మెడ తెరిచి వాటినీ తీయాలి. శ్వాస కోసం గొంతు ముందు చిన్న రంధ్రం చేసి గొట్టం పెడతారు. అది ఉన్నన్నాళ్లు మాట రాదు. తీశాక మాట ఎలా వస్తుందన్నది మాత్రం ముందుగా ఎవరూ చెప్పలేరన్నారు. కొందరికి ‘ర’ పోతుందట, కొందరికి ‘ట’ పోతుందట, కొందరి మాట ఎదుటివారికి బొత్తిగా అర్థం కాదట. ప్రాణభయం కంటే ఆ చివరి సంగతే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. మాట్లాడటమే నా జీవనాధారం.

అందువల్ల శ్రద్ధగా సిద్ధమయ్యాను. మెడ ఆపరేషన్ తరువాత భుజం బిగుసుకుపోకుండా గోడ మీద వేళ్లను పైకి పాకించే వ్యాయామం ముందే నేర్చుకున్నాను. మాట రాని రోజుల్లో అవసరపడే వాక్యాలన్నీ ఆలోచించి, నలభై వాక్యాలను వరుస సంఖ్యలు వేసి, ఆఫీసులో అచ్చు తీయించి, అట్ట వేయించాను. ఏడవది, ‘దిండును సవరించవలసినదిగా కోరుతున్నాను.’ పన్నెండవది, ‘నాకు దాహముగా ఉన్నది.’ ముప్పై ఒకటవది, ‘దయచేసి నన్ను కొంతసేపు ఒంటరిగా ఉండనివ్వండి.’ వేలితో చూపిస్తే చాలు.

ఆ పుస్తకాన్ని అమ్మ చేతిలో పెట్టిన తరువాత గాని, అమ్మకు చదువు రాదన్న సంగతి నాకు గుర్తుకు రాలేదు. దగ్గర ఉండి చూసుకునేది అమ్మే. నలభై వాక్యాలు రాసినవాణ్ని ఆ ఒక్కటి మరిచాను. సిగ్గుతో తల దించుకున్నాను.

అమ్మ ఏమీ అనుకోలేదు. బస్సు నంబర్లు చదవడం తనకు బాగా వచ్చు. తమ్ముణ్ని కూర్చోబెట్టి ఒక్కొక్క నంబరుకు అర్థం చెప్పించుకుంది. వాడు ఏడవది చదివి వినిపిస్తే నవ్వు ఆపుకోలేకపోయింది.

“దిండు జరుపుమనెతందుకు గింత దరఖాస్తా, కొడుకా?”

నాలుగు రోజుల్లో నలభై నంబర్లూ ఆమెకు కంఠతా వచ్చాయి.

ఆపరేషన్ తేదీ విని అమ్మ ఒక్కసారి మాత్రం అడ్డు చెప్పింది. ఆ రోజు పెత్రమాస, పితృదేవతలకు బియ్యం ఇచ్చే అమావాస్య. ఆసుపత్రిలో పంచాంగం చూడరని నేను చెప్పాను. అవి తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మె రోజులు. బస్సులు తిరగడం లేదు. ముందురోజే తమ్ముడు నన్ను బైకు మీద తీసుకువెళ్లి చేర్పించి నా వద్దే ఉండిపోయాడు. ఆపరేషన్ ముగిశాక వచ్చి అమ్మను తీసుకువెళతానని చెప్పాడు. అందుకే ఆ పగలు అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంది.

మేముండేది మొదటి అంతస్తు. కింద ఇంటి యజమానురాలు ఉండేవారు. ఆవిడ భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు. క్రైస్తవులు. మేమందరం టీచరమ్మ అంటాం. తెలంగాణ వస్తే ఇల్లు ఖాళీ చేయాల్సింది పైవాళ్లా కిందవాళ్లా అని ఆవిడా అమ్మా రోజూ హాస్యమాడుకునేవారు.

పన్నెండుంపావు దాటాక కరెంటు పోయింది. ఆ నెలంతా కోతలే. తిరిగి ఎప్పుడొస్తుందో లెక్క చూసుకోవడానికి టీచరమ్మ గడియారం చూసుకున్నారు. పన్నెండూ ఇరవై. ఫ్యాను లేక ఆవిడ వరండాలోకి వచ్చి మెట్ల పక్కనే కుర్చీ వేసుకున్నారు. పైకి వెళ్లాలంటే ఆవిడను దాటుకొనే వెళ్లాలి. గేటుకు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. వీధిలో టీవీలన్నీ ఆగిపోవడంతో అంతా నిశ్శబ్దంగా ఉంది.

అప్పుడు పై నుంచి నా గొంతు వినిపించింది.

“అవ్వా, తయుపు తియ్యి. దూపైతుంది.”

మా వైపు అవ్వ అంటే అమ్మ, దూప అంటే దాహం. ‘తలుపు’ అన్న మాట ఇద్దరికీ ‘తయుపు’ అనే వినిపించింది. అమావాస్య పూట ఎవరైనా పిలిస్తే మూడోసారి గాని పలకకూడదని అమ్మ నమ్మకం. రెండుసార్లు ఊరుకుంది. మూడోసారికి లేచి తలుపు తీసింది. బయట ఎవరూ లేరు.

కింద నుంచి టీచరమ్మ అమ్మను పేరు పెట్టి పిలిచి అడిగారు.

“ఏమండీ నర్సమ్మగారూ, ఆపరేషన్ వాయిదా పడిందా? అబ్బాయి ఎప్పుడొచ్చాడు? నేను చూడనే లేదే.”

ఆసుపత్రి కాగితాల ప్రకారం నా ఆపరేషన్ ఉదయం తొమ్మిదిన్నరకు మొదలై మధ్యాహ్నం మూడున్నర దాటాక ముగిసింది. ఆ రెండు సమయాలూ స్పష్టంగా రాసి ఉన్నాయి.

నన్ను వార్డుకు మార్చాక, 29వ తేదీన అమ్మ ఇదంతా నాకు చెప్పింది. ముక్కులో ఆహారపు గొట్టం, గొంతులో శ్వాస గొట్టం, మెడ పక్కన రక్తపు నీరు దిగే సన్నని గొట్టాలు రెండు, ఆ స్థితిలో నేను కాగితం అడిగి తీసుకుని తేదీ వేసి ఖండన రాశాను. ‘ఇది మీ ఇద్దరి భ్రమ. కాలేజీలో చేరిన నాటి నుంచి నేను నిన్ను అమ్మా అనే పిలుస్తున్నాను. తయుపు అని నేను ఎన్నడూ అనను.’ వార్డులో ఉన్న నర్సు దాన్ని అమ్మకు చదివి వినిపించింది. ఆ కాగితం ఈనాటికీ నా వద్ద భద్రంగా ఉంది.

అమ్మ వాదించలేదు. “మంచిగయినంక నువ్వే చెప్తవు తియ్యి” అని మాత్రం అంది.

ఆ వారం ఎలా గడిచిందో చెబితే మీరు నమ్మకపోవచ్చు. నేను అన్నేళ్లలో అంతగా నవ్వింది లేదు. నవ్వితే కుట్లు లాగేవి, శబ్దం రాక గొట్టంలోంచి గాలి మాత్రం బుస్సుమనేది. అయినా నవ్వాను. నేను రెండు వేళ్లూ ఒక వేలూ చూపించడం, అమ్మ వార్డంతా వినబడేలా “ఇరవై ఒకటి” అనడం, నర్సు పరుగెత్తుకొని రావడం మామూలైంది. పక్క మంచాల వాళ్లు కూడా నంబర్లు నేర్చుకున్నారు. ఆఫీసు నుంచి మిత్రులు వచ్చి ఎంతకూ కదలకపోతే అమ్మ మర్యాదగా “మావోనికి ముప్పై ఒకటి” అనేది. వాళ్లు అది జ్వరమేమో అనుకొని కంగారుపడేవారు.

అక్టోబరు 4, మంగళవారం ఉదయం, డాక్టరు గారు శ్వాస గొట్టం తీసే రోజు. మాట ఎలా వస్తుందో తేలేది ఆనాడే. టీచరమ్మ కూడా వచ్చారు. నేను రాత్రంతా ఒక వాక్యాన్ని మనసులో వల్లించుకున్నాను. మా నలభయ్యవ వాక్యం, ‘అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు.’

గొట్టం తీసి, రంధ్రం మీద గుడ్డ పెట్టి వేలితో నొక్కి పట్టుకొని, “ఇప్పుడు ఏదైనా మాట్లాడండి” అన్నారు డాక్టరు గారు. గది తలుపు మూసి ఉంది. బయట వరండాలో ఆసుపత్రి ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. చప్పట్లు వినిపిస్తున్నాయి గాని పువ్వులు కనిపించడం లేదు. నాకు చూడాలనిపించింది. వల్లించుకున్న వాక్యం ఏమైందో తెలియదు.

“అవ్వా, తయుపు తియ్యి.”

 టీచరమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. మాట స్పష్టంగానే వచ్చింది, అందరికీ అర్థమైంది. ‘ల’ ఒక్కటే రాలేదు.

అమ్మ వెళ్లి తలుపు పూర్తిగా తెరిచింది. బంతిపూలు, తంగేడుపూలు, వాటి చుట్టూ తెల్లచీరల్లో నర్సులు. వెనక్కి తిరిగి నన్ను చూసి అడిగింది.

“దూప గూడ అయితుందా?”

అవుతోందని తల ఊపాను. టీచరమ్మ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. డాక్టరు గారికి ఏమీ అర్థం కాక, ముందు మాట వచ్చింది కదా, సంతోషించండి అన్నారు. అందరం సంతోషించాం. ఇంకో మూడు రోజులకు మెడ గ్రంథుల పరీక్ష ఫలితం వచ్చింది. జబ్బు అక్కడికి పాకలేదు.

మూడో వారం నుంచి మాట నేర్పే మేడమ్ వద్దకు వెళ్లాను. కాకినాడ అమ్మాయి, చాలా ఓపికస్తురాలు. ఆపరేషన్‌కు ముందు నా మాటను రికార్డు చేసి పెట్టుకున్నారు. ఇప్పటి మాటతో పోల్చి చూసి, రెండు లోపాలు రాశారు. ఒకటి, ‘ల’ పలకడం లేదు. రెండు, మాటల చివర్లు మింగేస్తున్నాను. ‘వస్తున్నాను’కు బదులు ‘వస్తున్న’, ‘చేశాను’కు బదులు ‘చేసిన’.

పక్కన కూర్చున్న అమ్మ కలగజేసుకుంది. “అండ్ల నాలుక తప్పేం లేదు బిడ్డా. మేం గంతే అంటం.”

మేడమ్ ముఖం ఎర్రబడింది. “సారీ అండీ” అని నవ్వుతూ రెండో లోపం కొట్టేశారు. మరి ముందు రికార్డులో చివరిదాకా పలికారు కదండీ అని అడిగారు. అది ఆఫీసు భాష అని ఒప్పుకున్నాను. కోసి కుట్టిన నాలుకతో అదనపు అక్షరాలు మోయలేక నా మాట తనంతట తానే ఇంటికి వెళ్లిపోయిందని అప్పుడు గ్రహించాను.

కారణం వెతకడం నేను మానలేదు. అమ్మ చెప్పిన మాటలు మనసులో నాటుకొని, తెలియకుండానే నేను వాటిని పలికి ఉండవచ్చు. ‘అవ్వా’ వరకు అది సరిపోతుంది. కాని ‘ల’ నా చేతిలో లేదు. నాలుకలో ఎంత మేరకు తీస్తారో ఆ ఉదయం వరకు డాక్టరు గారికే తెలియదు. ‘ర’ పోయే అవకాశముంది, ‘ట’ పోయే అవకాశముంది. పోయింది ‘ల’ ఒక్కటే. చిన్నప్పుడు నేను అలా పలికేవాణ్నేమో, అదే అమ్మ చెవిలో మెదిలిందేమో అనుకుందామంటే, టీచరమ్మ నన్ను నా చిన్నతనంలో చూడలేదు. ముప్పై ఏళ్లు పిల్లల ఉచ్చారణ దిద్దిన మనిషి ‘ల’ను ‘య’గా పొరబడతారని కూడా అనుకోలేను. ఇంతకు మించి నాకు తెలియదు. ఎన్నేళ్లు గడిచినా ఈ లెక్క తేలలేదు.

ఆ తరువాత మారింది ఒకటే. నేను నెలకు రెండు శనివారాలు ఆ ఆసుపత్రికి వెళతాను. నాలుక, మెడ ఆపరేషన్లకు సిద్ధమవుతున్నవారి పక్కన కూర్చొని, ఒక అరగంట ఏవో కబుర్లు చెబుతాను. ఆపరేషన్ తరువాతి గొంతు ఎలా ఉంటుందో వాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ ముందే వింటారు.