తువ్వాల కింద కడియాలు

ఆ రోజుల్లో వస్తువు ధరను నోటితో చెప్పడం మర్యాద కాదు. ఇప్పటి పిల్లలు నమ్మరు గాని, జమ్మికుంట పత్తి బజారులో పెద్ద పెద్ద బేరాలన్నీ ఒక తువ్వాల కిందే తెగిపోయేవి. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాల కప్పి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవారు. పక్కన కూర్చున్నవాడికి ఇసుమంతైనా తెలిసేది కాదు. (మా దగ్గర పెళ్లి సంబంధాలు కూడా ఇంత రహస్యంగా కుదిరేవి కావు.) ఆ అలవాటు పత్తి నుంచి పక్కనున్న వెండి బంగారు దుకాణాలకూ పాకింది.

ఆ యేడు మిరుగం, అంటే తొలకరి మృగశిర కార్తె, దగ్గరపడుతుండగా మా జోడెడ్లలో ఒకటి చచ్చిపోయింది. ఇంకో ఎద్దు రాకపోతే దుక్కి లేదు, దుక్కి లేకపోతే యేడాది తిండి లేదు. అవ్వ, అంటే మా అమ్మ, తన కాళ్లకున్న వెండి కడియాలు తీసి, కుంకుడు రసంతో తోమి, బాపుకు ఇవ్వకుండా మేనమామ చేతిలో పెట్టింది. బాపు ఎదుటివాడు చెప్పిన మొదటి ధరకే తల ఊపే మనిషి. మామ ఎడ్ల అంగట్లో దళారి, తువ్వాల కింద ఆయనకు ఎదురులేదు. కాకపోతే ఆ వారమే ఆయన కుడిచేయి బండి కాడి కింద నలిగి, పసుపు కట్టుతో బూరెలా ఉబ్బి ఉంది. ఎడమ చేత్తో లక్ష్మిని బేరమాడరు. అందుకని మెట్రిక్ పరీక్ష రాసి ఖాళీగా ఉన్న నన్ను, ముఖ్యంగా నా కుడిచేతిని, వెంట తీసుకెళ్లాడు.

రైలు దిగి నడుస్తూ పాఠం చెప్పాడు. "సూడు అల్లుడా, తులానికి రూపాయి ఎట్లనూ ఉంటది. దాని మీద ఎన్ని వేళ్లు పడితే అన్ని అణాలు. అయిదు దాటితే మల్ల మొదటికెల్లి పట్టి కలుపుతరు. నువ్వు నా చెవుల చెప్పు, మిగిలింది నేను సూస్కుంట. మొకం మాత్రం బండలెక్క ఉండాలె. ఈగ వాలినా కదలద్దు."

నాకు కితకితలు ఎక్కువన్న సంగతి ఆయన అడగలేదు. నాకూ తోచలేదు.

వెండి దుకాణంలో షావుకారు కడియాలు తూచి, గీసి చూసి, తువ్వాల పరిచాడు. ఆయనది పిల్లిపాదం లాంటి మెత్తటి చేయి. అది నా అరచేతిని తడిమి వేళ్లు పట్టుకోగానే నవ్వు తన్నుకొచ్చింది. పళ్లు బిగించాను, ముక్కులోంచి వచ్చింది.

"ఏం పోరడా, నా బేరం నవ్వులాటగ ఉన్నదా?" అని షావుకారు చిన్నబుచ్చుకుని, ఇంకో వేలు కలిపాడు. (ఇంకో వేలంటే నాకు ఇంకో కితకిత.) ఈసారి పైకే నవ్వాను. మామ కళ్లురిమాడు గాని, ధర పెరిగిందని నేను చెవిలో చెప్పేసరికి ముఖం మారిపోయింది. "నవ్వకేం జేస్తడు సావుకారీ? కరీంనగర్ల ధర తెలుసుకొని వచ్చిండాయె" అన్నాడు గంభీరంగా. వేళ్లు ఇంకా పెరిగాయి. నేను గోడకు చేరగిలబడి, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే మాట రాక తల అడ్డంగా ఊపాను. లోపల మాత్రం ప్రాణం గిజగిజలాడుతోంది: ఈ మనిషి కోపమొచ్చి కడియాలు విసిరికొడితే మా దుక్కి గతేమిటి?

ఆయన విసిరికొట్టింది తువ్వాలను. "అరే, పదమూడణాలంటున్న! తులానికి రూపాయి పదమూడణాలు! గంతకన్న ఎక్కువ జమ్మికుంటల ఎవడిస్తడురా?" అని బజారంతా వినేటట్టు అరిచాడు.

దుకాణంలో అప్పుడే తన వెండి దండకడియం అమ్మి, పైసలు కొంగున ముడేసుకుంటున్న ఒక ముసలమ్మ లేచి నిలబడింది.

"పదమూడా? నాకు ఎనిమిదే ఇస్తివి గదా! నాది ఎండి గాదా?"

"జర కూసో అవ్వా, గది వేరే మాలు..."

"కూసోను. ఏదీ, నీ తువ్వాల మల్ల పరుచు. నేను గూడ నవ్వుత!"

బజారులోని జనం దుకాణం ముందు మూగారు. షావుకారు ఆమెకు మిగతా అణాలు, మాకు మా పైకం లెక్కపెట్టి ఇచ్చి, మామకు దండం పెట్టాడు. "అన్నా, నీ చెయ్యి మానినంకనే రా. గీ పోరన్ని మాత్రం మల్ల తేకు."

మిరుగం లోపలే ఎద్దు వచ్చింది. అవ్వ బోసికాళ్లతో ఎదురెళ్లి దానికి బొట్టు పెట్టింది.

తరువాత పత్రికలో చేరి, రైతుకు గిట్టుబాటు ధర రావాలని ఎన్నో ఏళ్లు ఎంతో గంభీరంగా రాశాను. ఆ రాతలవల్ల తనకు ఒక్క అణా పెరిగిందని ఎవరూ వచ్చి చెప్పలేదు. నా మూలాన ధర పెరిగింది ఇద్దరికే, మా అవ్వకూ, పేరైనా తెలియని ఆ ముసలమ్మకూ. అదీ నేను ఒక్క మాటైనా మాట్లాడలేకపోయిన రోజున.