రొట్టెలో రాయి లేదు

నా దవడ పన్ను విరిగింది పిండిలో రాయి వల్ల కాదు. ఆ సంగతి తెలిశాక కూడా చాలా నెలలు ఎవరికీ చెప్పలేదు. నిద్రలో పళ్లు కొరికే జబ్బు గురించి రాయాలంటే ముందు ఈ మాటే రాయాలి.

మాది బోధన్. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఒక ఆదివారం మధ్యాహ్నం జొన్నరొట్టె తింటుంటే నోట్లో పటుక్కుమంది. తీసి చూస్తే తెల్లటి గట్టి ముక్క. నాలుకతో తడిమితే కింది పన్ను అంచు లేదు.

మా వాడలో పిండి గిర్ని సాయన్నది. ఆ వారమే అరిగిన గిర్ని రాళ్లకు కొత్తగా గంట్లు కొట్టించాడు. గంట్లు కొట్టిన వెంటనే పట్టిన పిండిలో రాతిపొడి వస్తుందని, అందుకే ముందు నూకలు పోసి తిప్పి పారబోస్తారని మా దగ్గర అందరికీ తెలుసు. సాయన్న ఆ పని ఎగ్గొట్టాడని నాకు నేనే తేల్చుకుని, ఆ ముక్క పట్టుకుని వెళ్లాను. నడుస్తున్న గిర్నిని ఆపించాను. ఆపకపోతే నా మాట ఎవరికీ వినపడదు.

"గంట్ల పిండి మాకు పోసినవా సాయన్నా? గీ రాయి సూడు. నా పన్ను ఇరిగింది."

"లేదు సారూ. నూకలు పోసి తిప్పినంకనే పట్టిన. గీళ్లందరు సూసిండ్రు."

"మరి రాయి యాడికెల్లి వచ్చింది?"

డబ్బాలతో వరసలో ఉన్నవాళ్లు ఆ ముక్కను చేతుల్లోకి తీసుకుని చూశారు. "సారు అబద్ధమెందుకు చెప్తడు" అంది ఒకామె. అంతే చాలింది. తర్వాత వాడలో చాలా డబ్బాలు బస్టాండు దగ్గరి గిర్నికి పోయాయి. మాదీ పోయింది.

నిజానికి లక్షణాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. పొద్దున లేస్తే దవడలు బిగుసుకుని ఉండేవి. కణతలు నొప్పి పెట్టేవి. కళ్లద్దాల పవర్ మారిందనుకున్నాను. "రాత్రంత పండ్లు కొరుకుతున్నరు, పక్కల గిర్ని పెట్టుకోని పండుకున్నట్టున్నది" అనేది నా భార్య సుజాత. "కడుపుల పురుగులుంటె పిల్లలు కొరుకుతరు. నేనేమన్న పిల్లగాన్నా" అని కొట్టిపారేసేవాణ్ని.

నిజామాబాద్‌లో డెంటల్ డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. కాగితంలో చుట్టి తెచ్చిన ముక్కను లైటు కింద తిప్పి చూసింది.

"ఇది రాయి కాదు సర్. మీ పన్నే."

"పన్నులో క్రాక్ ఎప్పటిదో. మిగతావి కూడా పైన నున్నగా అరిగిపోయినయి. దీన్ని బ్రక్సిజం అంటరు. రాత్రి కొరుకుతరని ఇంట్ల ఎవరూ చెప్పలేదా?" అని అడిగింది.

చెప్పలేదన్నాను. అది కూడా అబద్ధమే.

రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. రాత్రిపూట పళ్లకు తొడిగే నైట్ గార్డ్ పెట్టుకోమన్నారు. ధర చూసి, మెడికల్ షాపులో దొరికే మెత్తటిది కొన్నాను. కొన్ని వారాలకే కొరికి చిల్లు పెట్టాను. మళ్లీ వెళితే డాక్టరమ్మ నా పళ్ల అచ్చు తీసి గట్టి గార్డు చేయించింది. "ఇది కొరుకుడు ఆపదు సర్. పన్నుకూ పన్నుకూ మధ్యల అడ్డం ఉంటది. అరిగితే ఇది అరుగుతది" అంది. మొదట్లో నోరంతా ఉమ్మి ఊరేది. నిద్రలోనే తీసి పడేసేవాణ్ని. ఒకసారి శుభ్రంగా ఉంటుందని వేడినీళ్లతో కడిగితే వంకర పోయి, మళ్లీ చేయించుకోవాల్సి వచ్చింది.

ఇంట్లో మాత్రం క్యాప్ కోసమే గార్డు ఇచ్చారని చెప్పాను. పిల్లలు లెక్క తప్పితే కొట్టేసి మళ్లీ చేయమంటాను. నాది నేను కొట్టేయలేకపోయాను. బడికి వెళ్తూ చూస్తే సాయన్న మోటారు ఆపుకుని బస్తా మీద కూర్చుని ఉండేవాడు. వచ్చిన వాళ్ల అరచేతిలో చిటికెడు పిండి పెట్టి, పంటి కింద వేసుకుని చూడమనేవాడట.

చెకప్‌కు ఒకసారి సుజాత కూడా వచ్చింది. "గిర్ని పిండిల రాయికి ఇన్ని తిప్పలా మేడమ్" అని నవ్వింది. "రాయెక్కడిదమ్మా? సర్ చెప్పలేదా?" అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సులో ఎడపల్లి దాటాక సుజాత నా వైపు తిరిగింది. ఒక్కటే అంది. "నలుగుర్ల అన్నరు గద. నలుగుర్లనే చెప్పుండ్రి."

ఇప్పుడు గార్డు లేకుండా నిద్ర పట్టదు. తలనొప్పి తగ్గింది. అరిగిన పళ్లు మాత్రం తిరిగి రావు. పొద్దున దవడ నొప్పి ఉంటే, పక్కన పడుకున్నవాళ్లు పళ్లు కొరుకుతున్నావంటే, ఆ మాట నమ్మి పన్ను విరగకముందే డెంటిస్టుకు చూపించుకోండి. గార్డును చల్లటి నీళ్లతోనే కడగండి.

సుజాత ఆ మాట అన్నాక వచ్చిన ఆదివారం జొన్నల డబ్బా పట్టుకుని గిర్నికి వెళ్లాను. వరసలో కొద్దిమందే ఉన్నారు.

"సాయన్నా, గిర్ని జర ఆపు."

"గా దినం గూడ గిట్లనే ఆపిచ్చినవ్ సారూ" అంటూ మోటారు ఆపాడు. పట్టా తిరగడం మెల్లగా ఆగింది.

"నీ పిండిల రాయి లేకుండె. గది నా పన్నే. నిద్రల నేనే కొరికి ఇరగ్గొట్టుకున్న. డాక్టరు చెప్పినంక గూడ నోరు మూసుకున్న. నీ పేరు ఖరాబ్ చేసిన. తప్పు నాది సాయన్నా, నన్ను మాఫ్ చెయ్యి."

సాయన్న నా డబ్బా తీసి వరస చివర పెట్టి, గిర్ని నడిపించాడు.