భైంసా మిల్లులో కార్ల ఆట

1998 పత్తి సీజన్ మొదట్లో మా కంపెనీ నన్ను కరీంనగర్ నుంచి నిర్మల్ సర్వీస్ సెంటర్‌కు కస్టమర్ ఇంజినీరుగా బదిలీ చేసింది. పేరుకు ఇంజినీరే గాని, మరమ్మతు ఒప్పందం ఉన్న కంప్యూటర్ ఎక్కడ ఆగినా బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కడమే పని.

నేను చేరిన కొత్తల్లోనే భైంసాలోని పత్తి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. మానిటర్ కాలిపోయింది, కొత్తది తెమ్మని యజమాని చెప్పారు. భూములున్న కుటుంబం, యాభై దాటిన మనిషి. అందరూ ఆయన్ని పటేల్ అనేవారు. నేను వెళ్లేసరికి పత్తి బండ్లు గేటు బయటిదాకా ఆగి ఉన్నాయి. తూకం చీటీలు కంప్యూటర్‌లోనే కొట్టాలి. వాటిని కొట్టే ఆపరేటర్ పద్మ లేదు. సిరిసిల్ల మరమగ్గాల ఇంట్లో పుట్టి భైంసాకు కోడలిగా వచ్చిన అమ్మాయి. మానిటర్ ఆమే పాడుచేసిందని పటేల్ సోమవారం పొద్దున రైతుల ముందు, హమాలీల ముందు తిట్టి ఇంటికి పంపేశారట.

స్విచ్ వేశాను. మొదట వచ్చే తెల్ల అక్షరాలు నిలకడగానే కనిపించాయి. విండోస్ మొదలవగానే బొమ్మ ఏటవాలు గీతలుగా చీలి, సన్నని ఈలతో తెర నల్లబడింది. అక్షరాలు చూపించిందంటే మానిటర్ కాలలేదన్నమాట. తేడా రిఫ్రెష్ రేటులో ఉంది. ఆ కాలపు గాజు తెర సెకనుకు కనీసం అరవై సార్లు బొమ్మను మళ్లీ గీస్తుంది. రేటు తక్కువైతే తెర అదిరి కళ్లు గుంజుతాయి. ఆటల్లో ఆ అదురు మరీ తెలుస్తుంది కాబట్టి ఆడేవాళ్లు రేటు పెంచుతారు. మానిటర్ తట్టుకోలేనంత పెంచితే ఇలా ఆరిపోతుంది. కాసేపు ఊరుకుంటే పాత రేటు దానంతటదే తిరిగొచ్చేది. ఎవరో కంగారులో ఎంటర్ కొట్టి కొత్త రేటునే ఖాయం చేశారు.

కనీస అమరికలతో నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, రేటును అరవైకి దించాను. తెర వెలిగింది. దాని మీద కార్ల పందెం ఆట గుర్తు ఉంది. దాని ఫైలు చూస్తే ఆదివారం ఎక్కించినట్టు తేదీ ఉంది. ఆదివారం పద్మకు సెలవు. ఆఫీసు తాళం పటేల్ దగ్గరే ఉంటుంది.

పక్కనే నిలబడి ఆయనా చూశారు. కాసేపటికి నన్ను తూకం కాటా వెనక్కి తీసుకెళ్లారు.

"తెర అదురుతుందంటే మా తమ్ముని కొడుకు గా రేటు పెంచుమన్నడు. పెంచిన, నల్లగయింది. గీ వయసుల కార్ల ఆట ఆడిండని నవ్వుతరని ఎవలకు చెప్పలే. పొద్దుగాల గా పిల్ల స్విచ్ వేస్తే రాలే, నోటికొచ్చింది అన్న." నేల చూస్తూ, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అయిందని చెప్పమని నన్ను బతిమాలారు.

అది నా వల్ల కాదన్నాను. చీటీలు సరిగా వస్తున్నాయో లేదో ఆపరేటరే చూడాలి, పద్మను పిలిపించమన్నాను.

ఆమె వచ్చి కూర్చుని ఒక చీటీ కొట్టి, బాగానే ఉందంది. పటేల్ తలుపు దగ్గరికి వేసి, తప్పు ఆమెది కాదని, తానే ఆట ఆడి పాడుచేశానని, రేపట్నుంచి పనికి రమ్మని మెల్లగా చెప్పారు. పద్మ కుర్చీలోంచి లేచింది.

"నన్ను అందరి ముంగట అన్నరు పటేలా. గీ మాట గూడ అందరి ముంగట చెప్పుండ్రి."

పటేల్ తలుపు తీసుకుని, రైతులూ హమాలీలూ ఉన్న వరండాలోకి వెళ్లారు.

"ఆదివారం నేనే ఆట ఆడిన. కంప్యూటర్ నేనే ఖరాబు చేసిన. పద్మ తప్పేం లేదు."

గొంతు సగంలోనే పడిపోయింది. వినబడలేదని ఒక ముసలి రైతు మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేదేమో. చెవుల దాకా ఎర్రబడి, కండువాతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నారు. నేను బ్యాగు సర్దుకునేంతసేపూ ఆయన వైపు చూడలేకపోయాను.

పద్మ ఆ సీజన్ పూర్తయ్యేదాకా చేసి, వేరే చోట చేరింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, కంప్యూటర్ పెట్టె విప్పేముందు దాన్ని చివరగా ఎవరు వాడారో అడిగేవాణ్ని; యజమానిని వేరుగా, ఆపరేటర్‌ను వేరుగా. పక్కన ఎవరూ లేకుండా అడిగితే చాలామంది నిజమే చెప్పేవారు.