తలుపు వెనక నేర్చుకున్న గ్రేడులు

మా మామ ఇక లేరని రాజంపేట నుంచి మా ఆడబిడ్డ ఫోను చేసినప్పుడు నేను వసారాలో ఆయన కుర్చీ తుడుస్తున్నాను. కూతురిని చూసి వస్తానని పోయిన మనిషి అక్కడే నిద్రలో వెళ్ళిపోయారు. ఫోను మా అత్త చేతికి ఇచ్చి నేను అలాగే నిలబడిపోయాను. గుడ్డ నా చేతిలోనే ఉంది. కుర్చీ సగమే తుడిచాను.

ఏడుపు గురించి రాయడం నాకు చేతకాదు. మామ గురించి రాయమంటే మాత్రం చెయ్యి ఆగదు. ఆయనను తలచుకుంటే నాకు ముందు సంతోషమే వస్తుంది, అదీ నెమ్మదిగా రాదు, పొంగినట్టు వస్తుంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడితే మీరే సర్దుకుని చదవండి.

మాది కర్నూలు పక్కన కల్లూరు. నా భర్తకు వెల్డింగు షాపు ఉంది. మామ హైస్కూల్లో పంతులుగా చేసి రిటైరయ్యారు. నేను కోడుమూరు దిక్కు పల్లె నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మా వైపు కోడలు మామ ఎదుట కూర్చోదు, నేరుగా మాట్లాడదు. ఏం చెప్పాలన్నా అత్తతో చెప్పాలి, అత్త ఆయనతో చెప్పాలి. ముగ్గురం ఒకే గదిలో ఉన్నా అంతే.

"అత్తా, మామను అన్నానికి రమ్మను" అనేదాన్ని.

"ఏమయ్యా, అన్నానికి రమ్మంటాంది" అనేది అత్త.

"వస్తాండా అని చెప్పు."

"వస్తాండాడంట."

నా భర్త ఇది చూసి, "మీ ముగ్గురి మధ్య ఒక ఫోను టవర్ పెట్టాల" అని నవ్వేవాడు.

నేను ఎనిమిదితో బడి మానేశాను. ఎందుకు మానేశానో మీకు అర్థం కావాలంటే ముందు ఉల్లిగడ్డల గురించి చెప్పాలి. మా నాయన ఉల్లి పండిస్తాడు. గడ్డలు కోసి, ఆరబెట్టి, కర్నూలు యార్డుకు తోలే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఏరతాము. పెద్దవి, గట్టివి మొదటి రకం. కొంచెం చిన్నవి రెండో రకం. జోడుగడ్డలు, మెత్తబడినవి మూడో రకం. మూడో రకానికి బండి బాడుగ కూడా రాదు. ధర పలకని ఏడాది వాటిని దారి పక్కన పారబోసి రావడం నేను చిన్నప్పటి నుంచి చూశాను.

ఎనిమిదో తరగతి అయిపోయాక బడి నుంచి నా ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. దాంట్లో మార్కులు లేవు, అక్షరాలే ఉన్నాయి. తెలుగుకు బీ. మిగతా వాటికి వరసగా సీ. మార్కులుంటే ముప్పై అయిదు దాటిందా లేదా అని మా నాయన చూసుకునేవాడే. అక్షరాలకు ఆయన దగ్గర ఉన్న లెక్క యార్డు లెక్క ఒక్కటే. ఏ అంటే మొదటి రకం, బీ అంటే రెండు, సీ అంటే మూడు.

"మూడో రకం వచ్చిందిలేమ్మా. ఇంక బండికెక్కించి ఏం లాభం?" అన్నాడు. కోపంతో కాదు, మెల్లగానే అన్నాడు. ఎనిమిది దాకే మా ఊళ్ళో బడి. తొమ్మిదికి కోడుమూరు పోవాలి. నేను పోలేదు. ఫెయిలైన పిల్లననే అనుకున్నాను, అనుకుంటూనే పెళ్ళి చేసుకున్నాను. ఎవరైనా ఎంత చదివావని అడిగితే వంటింట్లోకి పోయేదాన్ని.

పెళ్ళయిన తర్వాత నా ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడిందని తెలిసింది. సరిచేయాలంటే బడి కాగితం కావాలన్నారు. మా నాయన నా టీసీని, దాంతో పాటు ఆ కార్డును కూడా ఒక సంచిలో పెట్టి, కల్లూరు వచ్చే వాళ్ళ చేతికిచ్చి పంపాడు. మామ వసారాలో కూర్చుని అవి చూస్తున్నారు. నేను లోపల పొయ్యి దగ్గర ఉన్నాను, పాలు పెట్టాను.

"పిల్లను అడుగు, బడి యాల మానిందని" అన్నారు మామ.

అత్త నా వైపు చూసింది. "ఫెయిలైతి అత్తా" అన్నాను.

"ఫెయిలైందంట."

"యాడ ఫెయిలైంది? ఎవురు చెప్పినారు?"

"వాళ్ళ నాయన చెప్పినాడంట."

కుర్చీ కిర్రుమంది. మామ లేచి తలుపు దాకా వచ్చి, గడప అవతలే ఆగి, నా వైపు కాకుండా తలుపు వైపే చూస్తూ గట్టిగా చెప్పారు. "అమ్మా, ఈ కార్డులో ఫెయిల్ అనే మాటే లేదు. సీ అంటే ఈ పిల్లకు ఇంకా కొంచెం నేర్పించాల అని పంతులుకు చెప్పే గుర్తు. పిల్లకు వేసిన శిక్ష కాదు. పైగా టీసీలో ఈడ సూడు, పై తరగతికి అర్హురాలు అని రాసినారు. నువ్వు తొమ్మిదో తరగతి పిల్లవు!"

పాలు పొంగిపోయాయి. అత్త అరుస్తోంది. నేను పొయ్యి ఆర్పలేదు, కదలలేదు. తొమ్మిదో తరగతి పిల్లను! పెళ్ళయి, ఇంత ఇల్లు చూసుకుంటూ, ఇన్నేళ్ళూ తొమ్మిదో తరగతి నన్ను పిలుస్తూ ఉందన్నమాట. ఆ రోజు చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. అందరూ అలాగే తిన్నారు.

మా నాయన మీద నాకు కోపం రాబోయింది. అది మామకు ఎలా తెలిసిందో, అన్నం తింటూ అత్తతో అన్నారు, నాకు వినిపించేలా. "ఆయప్పను తప్పు పట్టొద్దని చెప్పు. ఆయప్పకు తెలిసింది యార్డు గ్రేడే. ఉల్లిగడ్డకు ఒక్కసారే గ్రేడు వేస్తారు. పిల్లలకు ఏడాదేడాది వేస్తారు."

ఆ మాట నేను ఎన్నిసార్లు లోపల అనుకున్నానో.

ఓపెన్ టెన్త్ కట్టించింది ఆయనే. తొమ్మిది చదవకపోయినా పర్వాలేదంట. చదువు ఎలా చెప్పాలన్నదే సమస్య అయింది. నేను ఎదుట కూర్చోలేను, ఆయన కూర్చోమని బలవంతం చేసే మనిషి కాదు. చివరికి ఆయనే ఉపాయం కనిపెట్టారు. కుర్చీని తలుపుకు ఆనించి, వీధి వైపు ముఖం పెట్టి కూర్చునేవారు. నేను తలుపు వెనక లోపల కూర్చునేదాన్ని. ఆయన వీధికి చెప్పినట్టు పాఠం చెప్పేవారు.

"అర్థమైతే గాజులు కదిలించు. కాకపోతే తలుపు కొట్టు. సిగ్గుపడాల్సిన పని లేదు, తలుపుకేం నొప్పి పుట్టదు" అన్నారు.

మొదటి వారమంతా తలుపు మోత మోగింది. "ఏమయ్యా, తలుపు పగలగొడతాంది నీ శిష్యురాలు" అని అత్త గొణిగేది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఎదురింటి పెద్దాయన ఒకరోజు అడగనే అడిగాడు.

"ఏమి సారూ, ఒక్కడివే మాట్లాడతాండావు?"

"గోడకు లెక్కలు చెప్తాండానప్పా."

"గోడకు వస్తాదా?"

"గోడకే వస్తాది. మీ వాడికే రాలేదు" అన్నారు మామ. నేను తలుపు వెనక నోట్లో కొంగు కుక్కుకున్నాను.

వీధిలో ఎవరి పిల్లల కాగితం వచ్చినా మామ దగ్గరికి తెచ్చేవారు. అవి కూడా నాకు పాఠాలే. ఒకామె తన ఇద్దరు కొడుకుల మెమోలు పట్టుకుని వచ్చింది. పెద్దవాడు గ్రేడులు ఇచ్చిన కాలంలో పది పాసయ్యాడు, వాడికి ఎనిమిదిన్నర పాయింట్లు. చిన్నవాడి కాలానికి మళ్ళీ మార్కులు వచ్చాయి, వాడికి నాలుగు వందల చిల్లర.

"సూడు సారూ, చిన్నోడు నాలుగు వందలు తెచ్చినాడు. పెద్దోడు ఎనిమిదిన్నరే తెచ్చినాడు. కోచింగని దుడ్లన్నీ ఆ పెద్దోడికే పోస్తిమి!" అంది.

మామ నవ్వలేదు. ఎంత వింత ప్రశ్నకైనా నవ్వకపోవడం ఆయన అలవాటు. "అమ్మా, ఎనిమిదిన్నర దేంట్లో? పదిలో. నాలుగు వందలు దేంట్లో? ఆరు వందల్లో. పెద్దోడే ముందుండాడు. ఇంటికి పోయి వాడికి ఈ పొద్దు మంచి కూర వండు" అన్నారు. ఆమె వెళ్ళాక వీధి వైపే చూస్తూ నాకు చెప్పారు, "అంకె చూస్తే సాలదు తల్లీ. అది దేంట్లో అంకె అని అడగాల." నేను గాజులు గలగలలాడించాను.

ఇంకొకామె కూతురి టీసీలో నడవడిక దగ్గర సంతృప్తికరం అని రాశారని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పక్కింటి పిల్లకు మంచిది అని రాశారంట. సంబంధం వాళ్ళు చూస్తే ఏమనుకుంటారని ఆమె బాధ. ఒక్కో బడి ఒక్కో మాట రాస్తుందని, రెండు మాటల్లోనూ ఏ మచ్చా లేదని మామ కాగితం మీద వేలు పెట్టి చూపించి పంపారు. ఫస్టు క్లాసు ఎక్కడ మొదలవుతుందో, డిస్టింక్షన్ దానికి ఎంత పైన ఉంటుందో, ఒక పరీక్షలో తప్పి తర్వాత రాసి పాసైతే కంపార్ట్‌మెంటల్ అని ఎందుకు రాస్తారో, అన్నీ ఆ కుర్చీ వెనక కూర్చుని విన్నవే. కూరగాయలు తరుగుతూ విన్నాను, బియ్యం ఏరుతూ విన్నాను.

నా పరీక్షల సంగతికి వస్తాను. మొదటిసారి రాశాక లెక్కల్లో పోయింది. మిగతావన్నీ వచ్చాయి. నేను గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. మళ్ళీ మూడో రకమే అనుకున్నాను. ఈసారి తలుపు మామ కొట్టారు.

"అమ్మా, అర్థం కాలేదని నేను కొడతాండా. దేనికి ఏడుస్తాండావు? పాసైనవన్నీ నీ పేరునే ఉంటాయి, మళ్ళీ రాసే పన్లేదు. లెక్కలొక్కటే బాకీ. రెండు విడతల్లో పాసైతే క్లాసు రాయకపోవచ్చు. క్లాసు లేకపోయినా పాసు పాసే. గ్రేడు ఆ పొద్దు సంగతే చెప్తాది, మనిషి సంగతి చెప్పదు."

కొంగుతో ముఖం తుడుచుకున్నాను. తర్వాత గాజులు కదిలించాను.

రెండోసారి ఫలితాలు వచ్చిన రోజు నాకు నిన్నటిలాగే గుర్తుంది! నా భర్త షాపు మూసి వచ్చాడు. ఫోనులో నంబరు కొడితే చక్రం తిరుగుతుంది, తిరుగుతుంది, ఆగదు. అత్త దేవుడి గూటికి, ఫోనుకు మధ్య తిరుగుతోంది. మామ మాత్రం వసారాలో కుర్చీలో వీధి వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన కాలు ఊగుతూనే ఉంది.

"వచ్చింది!" అని అరిచాడు నా భర్త. "పాస్! లెక్కలు పాస్! అంతా పాస్!"

ఏం జరిగిందో నాకు తెలియదు. చూసుకునేసరికి నేను గడప దాటి వసారాలో మామ పక్కన నిలబడి ఉన్నాను. నోటి నుంచి మాట కూడా వచ్చేసింది.

"మామా, నేను పాసైతి!"

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాట అది. అత్త నోరు తెరిచి చూస్తోంది. మామ తల తిప్పలేదు. వీధినే చూస్తూ, "ఎవురప్పా ఇది? మా గోడకు నోరొచ్చిందే!" అన్నారు. ఆ తర్వాత అడిగారు, "కుర్చీ తిప్పమంటావా తల్లీ?"

"తిప్పండి మామా."

ఆయన లేచి కుర్చీని ఇంటి వైపు తిప్పి కూర్చున్నారు. మేమిద్దరం ఎదురెదురుగా ఒకరినొకరు చూసుకున్నాము. ఆయన కనుబొమల్లో ఒకటి తెల్లది, ఒకటి ఇంకా నల్లది అని నాకు అప్పుడే తెలిసింది.

అంగన్‌వాడీలో ఉద్యోగానికి పది పాసు చాలంట. దరఖాస్తు పెట్టాలని అనుకున్నాము. ఆ సంతోషంలోనే, కూతురికి స్వయంగా చెప్పి వస్తానని ఆయన రాజంపేట బస్సెక్కారు. మా ఆడబిడ్డ చెప్పింది, బస్సు దిగగానే చెప్పడం మొదలుపెట్టి అన్నం తింటూ కూడా ఆపలేదంట. "మా గోడ పాసైంది" అని ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పారంట. ఆ రాత్రే పోయారు.

దినాలకు మా నాయన వచ్చాడు. అప్పటికి నా మెమో వచ్చింది. మా నాయన దాన్ని ఉల్లిగడ్డను చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఏ రకమమ్మా?" అన్నాడు.

"దీంట్లో రకాలు లేవు నాయనా. పాస్, అంతే."

"అయితే ఆ పొద్దు, ఆ సీ..."

"అది కూడా ఫెయిల్ కాదు నాయనా. మనకు చదవడం తెలియలేదు, అంతే."

మా నాయన తల మీది రుమాలు తీసి, మెమోకు దుమ్ము లేకపోయినా దాన్ని తుడిచి, రెండు చేతులతో నాకు ఇచ్చాడు. తర్వాత మామ కుర్చీ దగ్గరికి పోయి కాసేపు నిలబడ్డాడు.

నిన్న మధ్యాహ్నం వీధి చివరి ఇంటి అమ్మాయి తన ఇంటర్ మెమో పట్టుకుని వచ్చింది. సారు లేరని తెలిసి కూడా వచ్చింది. "అక్కా, దీంట్లో కంపార్ట్‌మెంటల్ అని ఉండాది. కాలేజీలో తీసుకోరంటనా?" అని అడిగింది. నేను లోపలి నుంచి అత్తతో చెప్పించబోయి ఆగాను. వసారాలోకి వచ్చాను. కుర్చీని మళ్ళీ ఎవరో వీధి వైపు తిప్పి, తలుపుకు ఆనించి పెట్టారు. అందులోనే కూర్చున్నాను. ఆ అమ్మాయి మెట్టు మీద కూర్చుంది. నాకు తెలిసినంత చెప్పాను. నా గొంతు వీధిలోకి వినిపిస్తుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది.

చెప్పడం అయిపోయింది. అమ్మాయి తల ఊపింది. అప్పుడు నా వెనక, లోపలి నుంచి తలుపు కొట్టిన చప్పుడైంది.

మా అత్తకు అక్షరాలు రావు. ఇప్పుడు ఆమె చేతులకు గాజులు కూడా లేవు.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. వీధి వైపే చూస్తూ, కొంచెం గొంతు పెంచి, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.